బొట్టు పెట్టిన తాళం

వేలూరు
14 సెప్టెంబరు 2025

కాంచనక్కకు,

బాగున్నావా అని అడిగే ముందు ఒక మాట. తలుపు తెరుచుకోలేదని ఇంకోసారి నాకు ఫోన్ చేస్తే ఎత్తనని చిన్నాయనకు చెప్పు. నిన్న ఇక్కడ ఒక నగల కొట్లో నిచ్చెనెక్కి కెమెరా బిగిస్తున్నాను. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. కొంచెంలో కింద పడేవాణ్ణి. ఎత్తితే ఏమంటాడు? "గిరీ, నీ మిషను నన్ను లోపలికి పోనీలే. ఎర్ర లైటు వేస్తా ఉండాది." నంబరు కొట్టినాక హ్యాష్ నొక్కావా అని అడిగితే, "అదెందుకు నొక్కాల? నంబరు చెప్పినా గదా, సాలదా?" అంటాడు.

మగ్గాల షెడ్డుకు కొత్త తాళం కావాలని నా వెంట పడింది ఆయనే. ముందు వేలిముద్ర మిషను తెచ్చాను. గంజిలో నాని, నూలు రాసుకొని రాసుకొని మన వాళ్ళ వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. అది ఒక్కరి వేలు కూడా గుర్తుపట్టలేదు. దాన్ని వాపసు ఇచ్చి, ఒక రోజు పని మానుకొని వచ్చి ఈ అంకెల మిషను బిగించాను. ఇంత చేసినా మంచిమాట లేదు.

మిషనుతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. చిన్నాయన కొడుకు భూపతికి ఇంగ్లీషు చూస్తేనే నిద్రొస్తుంది. అందుకే అంతా తెలుగులో నీకు రాస్తున్నాను. ఆ షెడ్డులో అందరూ తెలుగు మాట్లాడతారు, కానీ చదివింది తమిళ బడుల్లో; తెలుగు చదవగలిగింది నువ్వొక్కదానివే. అమ్మ నీకు నేర్పింది, నువ్వు నాకు నేర్పావు. దీర్ఘం తప్పితే మగ్గం నాడెతో వేళ్ళ మీద ఒకటి వేసేదానివి, ఇంకా గుర్తుంది.

ముందు స్టార్ నొక్కు. తర్వాత మాస్టర్ కోడు, ఆ తర్వాత హ్యాష్. పసుపు లైటు వెలిగితే మిషను నీ మాట వినడానికి తయారుగా ఉన్నట్టు. అప్పుడు ఒకటి నొక్కితే కొత్త మనిషిని చేర్చుకుంటుంది, రెండు నొక్కితే ఉన్న మనిషిని తీసేస్తుంది. సున్నా నొక్కితే మాస్టర్ కోడే మారిపోతుంది, దాని జోలికి పోవద్దు. పని కాగానే మళ్ళీ స్టార్ నొక్కి బయటికి రా. ఒక్కో మనిషికి ఒక్కో వరస నంబరు ఉంటుంది. ఒకటి నేను, రెండు చిన్నాయన, మూడు భూపతి, నాలుగు నువ్వు. మిగతా వాళ్ళకు కోడు వద్దు, మీలో ఎవరు తీస్తే వాళ్ళ వెనక వస్తారు. మాస్టర్ కోడు కింద అక్షరాల్లో రాశాను. నీ దగ్గరే ఉంచుకో.

తలుపు పైన ఉన్నది అయస్కాంతం. కరెంటు ఉన్నంతసేపు ఎంతమంది తోసినా తెరుచుకోదు. నూలుండే చోటు కదా, నిప్పంటుకుంటే లోపలి వాళ్ళు చిక్కుకోకూడదని ఇదే పెట్టాను. కరెంటు పోతే ఎట్ట అని చిన్నాయన అడిగాడు. పక్క పెట్టెలో బ్యాటరీ ఉంది, కొన్ని గంటలు అది పట్టుకుంటుంది. మన ఊళ్ళో కరెంటు అంతకంటే ఎక్కువసేపు పోదని చెప్పు.

మీ వీధి నుంచి రోజూ వేలూరు ఆసుపత్రి ల్యాబులో పనికి వచ్చే సింధుజ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నీ ఫోన్లో వాట్సాప్ ఎప్పుడు వస్తుందో ఆ దేవుడికే తెలియాలి. బావకు నమస్కారాలు.

నీ తమ్ముడు,
గిరిప్రసాద్


గుడియాత్తం
18 సెప్టెంబరు 2025

ఒరేయ్ గిరీ,

నీ ఉత్తరం అందింది. ఒక దీర్ఘం తప్పింది, ఎక్కడో చెప్పను, నువ్వే వెతుక్కో.

నువ్వు రాసినట్టే అన్నీ నొక్కాను. పసుపు లైటు వెలిగింది. చిన్నాయన పక్కనే నిలబడి, నేను పులి నోట్లో చెయ్యి పెట్టినట్టు చూశాడు. ఆయన కోడు ఆయన చేతే కొట్టించాను. హ్యాష్ నొక్కమంటే ఇప్పటికీ నా మొహం చూస్తాడు. ఇకమీదట నీకు ఫోన్ రాదులే.

నీ మిషను గొప్పదే, కాదనను. కానీ అమ్మ పోయినప్పటి నుంచి షెడ్డు తాళంచెవి నా కొంగుకు ఉండేది. పొద్దున నేను తలుపు తీసి, అమ్మ ఇత్తడి దీపం వెలిగించాకే ఎవరైనా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టేవాళ్ళు. ఇప్పుడు భూపతి నాకంటే ముందు పోయి, చెప్పులతో లోపల తిరిగి, సెల్‌ఫోన్లో పాటలు పెట్టుకొని కూర్చుంటున్నాడు. నేను పోయేసరికి దీపం లేదు, ఏమీ లేదు. అడిగితే "నాకూ నంబరు ఉండాది గదక్కా" అంటాడు. ఇది నువ్వు ఇచ్చిన బలమే. నాకు ఒళ్ళు మండింది. ఆ తాళంచెవిని బీరువాలో పెట్టాను, పారెయ్యడానికి మనసు రాలేదు.

నా కోడు ఎవరికీ చెప్పలేదు. మీ బావ అడగనూ లేదు. పేర్ణాంబట్టులో చెప్పుల పైతోలు కుట్టి కుట్టి ఇంటికొచ్చే మనిషికి, మా షెడ్డు తలుపుతో ఏం పని?

దీపావళి లుంగీలు గోడ వారగా పేర్చి పెట్టాం. ఆ సరుకు పోయి వ్యాపారి చేతిలో పడితేనే మా అందరికీ పండగ. నా పక్క మగ్గం కోకిల అప్పుడే కూతురికి గౌను రంగు కూడా చూసుకుంది.

ఇట్లు,
నాలుగో నంబరు కాంచన


గుడియాత్తం
4 అక్టోబరు 2025

గిరిప్రసాద్‌కు,

తమ్ముడూ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

విజయదశమి పొద్దున ఏం జరిగిందో నీకు తెలుసు, నువ్వు ఫోన్లో ఉన్నావు కాబట్టి. కానీ ఫోన్ ఇవతల ఏం జరిగిందో తెలియదు. అది చెప్తాను, విను.

గురువారం పొద్దున మగ్గాలు మళ్ళీ మొదలుపెట్టాలని అందరం షెడ్డు ముందు చేరాం. చిన్నాయన కోడు కొట్టాడు, పచ్చ లైటు వచ్చింది, తలుపు తీశాడు. గోడ వారన దీపావళి మూటలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. తలుపు మీద గీత లేదు, కిటికీ కమ్మీలు చెదరలేదు, నీ మిషనుకు ఏమీ కాలేదు. చిన్నాయన అక్కడే నిలబడి నీకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. మేమందరం చుట్టూ ఉన్నాం. నువ్వు అన్న మాటలు ఇక్కడ ప్రతి ఒక్కరికీ నోటికొచ్చు. "చిన్నాయనా, మిషను తప్పు చెయ్యదు. తలుపు పగలగొట్టలేదంటే కోడు కొట్టే లోపలికి పోయినారు. నీ సరుకు నువ్వే ఎత్తుకోవు. భూపతి తిరువలంలో అత్తగారింట్లో ఉండె. నేను ఈడ వేలూరులో ఉండా. ఇంక ఎవురు ఉండారో మీరే చూసుకోండి."

చూసుకున్నారు. అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

నేను పేరు చెప్పలేదు కదా అని నువ్వు తప్పించుకుంటావు, నాకు తెలుసు. పేరు చెప్పి ఉంటే నయం. అప్పుడు నేను ఎదురు తిరిగి అడిగేదాన్ని. నువ్వు ఒక్కొక్కరినీ పక్కకు తప్పించి నన్నొక్కదాన్ని నడిబజారులో నిలబెట్టావు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కోకిల తన క్యారియరు తీసుకొని అవతలి మగ్గం దగ్గరికి పోయి కూర్చుంది. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చొని, నా గిన్నెలో ఊరగాయ తీసుకొని తిన్న మనిషి.  తిట్టి ఉంటే బాగుండేది.

శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, దీపానికి ఒత్తులు పట్టుకొని పోయాను. కోడు కొట్టాను. ఎర్ర లైటు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఎర్ర లైటు. వీధిలో అందరూ చూస్తుండగా ఆ మిషను నా మీద కీచుకీచుమంది. భూపతి లోపలి నుంచి తలుపు కొంచెం తీసి, "అక్కా, నీ నంబరు తీసేసినాం. ఎట్ట తీయాల్నో గిరి అన్నే చెప్పినాడు" అన్నాడు. మళ్ళీ తలుపు వేశాడు.

నా మగ్గం లోపల ఉంది. సగం నేసిన గుడ్డ దాని మీద ఉంది. అమ్మ దీపం లోపల ఉంది. నేను బయట ఉన్నాను. మిషనుకు మనుషులను చేర్చడం, తీసెయ్యడం నాకు నేర్పింది నువ్వే, నన్ను తీసెయ్యమని చెప్పిందీ నువ్వే.

ఫోన్ చెయ్యొద్దు. ఎత్తను. ఫోన్లో నువ్వు మాట్లాడిన మాట గాల్లో పోతుంది, తర్వాత నేనట్ట అనలేదంటావు. కాగితం మీద రాయి. నేను దొంగనని నువ్వు అనుకున్నావా లేదా, అదొక్కటి రాయి.

కాంచన


వేలూరు
6 అక్టోబరు 2025

అక్కా,

సింధుజ నీ ఉత్తరం ఇచ్చి, నా మొహం కూడా చూడకుండా పోయింది. ఆ పిల్లకు కూడా నా మీద చాడీలు చెప్పావన్నమాట.

నేను ఎవరినీ దొంగ అనలేదు. చిన్నాయన ఏడుస్తూ అడిగాడు, మిషను సంగతి చెప్పాను. తలుపులు బిగించి బతికేవాణ్ణి, ఆ తలుపు ఎట్ట తెరుచుకుంటుందో చెప్పకపోతే ఇంకేం చెప్పాలి? ఈ రకం మిషన్లు వేలూరులో ఎన్ని బిగించానో నాకే లెక్క లేదు. గోడౌన్లకు, స్కానింగ్ సెంటర్లకు, ఒక కాలేజీకి. కోడు లేకుండా తెరుచుకుందని ఒక్కడు కూడా అనలేదు. మన షెడ్డులో మాత్రం దెయ్యం వచ్చి తెరిచిందా?

నువ్వు ఎత్తుకున్నావని నేను అనుకోలేదు. కానీ కోడు ఎక్కడో బయటికి పోయింది, అది మాత్రం నిజం. నువ్వు నొక్కేటప్పుడు ఎవరైనా వెనక నిలబడి చూశారా? లేక మాటల్లో బావకు చెప్పావా? బావ మంచివాడే, కానీ సాయంత్రం బస్సు దిగాక ఆయన ఎవరెవరితో కూర్చుంటాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కోపం తెచ్చుకోకుండా ఆలోచించు.

నీ నంబరు తీసెయ్యడం గురించి. భూపతి ఫోన్ చేసి, "అక్కే చెప్పింది, ఈ గొడవ తేలేదాకా నేను షెడ్డుకు రాను, నా నంబరు తీసెయ్యండి అని" అన్నాడు. నువ్వు అట్ట అనే మనిషివే కదా అని నమ్మాను. మాస్టర్ కోడు నా దగ్గర రాసి ఉంది కాబట్టి వాడికి ఒక్కొక్కటే చెప్పి నొక్కించాను. ఇప్పుడు నన్ను తిడుతున్నావు.

ఇంకో సంగతి. మీటలు గట్టిగా ఉన్నాయి, నొక్కితే ఒకసారి పడుతోంది, ఒకసారి పడడం లేదు అని భూపతి అన్నాడు. దగ్గరికి పోయి చూడమంటే మీటల మధ్య చందనం గట్టిపడి ఉందట. మిషను మీద చందనం ఎవరు పూశారు? అది దేవుడి పటమా? లోపలికి నీళ్ళు దిగితే మిషను పాడవుతుంది, అప్పుడు కూడా నన్నే అంటారు. ఇంత కష్టపడి పెట్టిన వస్తువును మన వాళ్ళు చూసుకునే తీరు ఇది.

గిరి


గుడియాత్తం
8 అక్టోబరు 2025

గిరీ,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. దాచలేదు. పేర్ణాంబట్టు బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కొని, కంచం ముందు కూర్చున్నాడు. విని కంచం పక్కకు జరిపి లేచాడు. "నీ తమ్ముని నేనేమన్నా అన్నానా కాంచనా, ఎప్పుడన్నా?" అని అడిగాడు. అంతే. ఆ రోజు అన్నం తినలేదు. నీ పెళ్ళికి సెలవు దొరకక, పని మానేసి వచ్చి పందిట్లో కుర్చీలు మోసిన మనిషి ఆయన. ఇది నీకు ఎప్పటికీ గుర్తు ఉండాలి, అందుకే రాస్తున్నాను.

ఇక భూపతి సంగతి. నేను షెడ్డుకు రానని ఎవరితోనూ అనలేదు. నేనెందుకు అంటాను? రాకపోతే దొంగనని ఒప్పుకున్నట్టే కదా. వాడికి నా ముందు నిలబడి చెప్పే ధైర్యం లేక నా నోట పెట్టి చెప్పాడు. నువ్వు నాకు ఒక్క ఫోన్ చేసి అడగలేదు. వేలూరులో ఉన్న వాళ్ళందరి తలుపులు చూసుకునే నీకు, అక్క నిజంగా అన్నదా లేదా అని కనుక్కోవడానికి తీరిక లేదు.

చందనం నేనే పూశాను. పూశాను, కుంకుమ కూడా పెట్టాను. ఆయుధ పూజ నాడు మగ్గానికి పెట్టాం, నాడెకు పెట్టాం, రాట్నానికి పెట్టాం, కత్తెరకు పెట్టాం. నీ మిషను కూడా పని చేసే వస్తువే కదా, దాన్ని వదిలేస్తే పాపమని దానికి కూడా ముద్దగా పెట్టి, ఒక చామంతి పువ్వు అంటించాను. చిన్నాయన అయితే ఇంకా మర్యాద చేశాడు. మధ్యాహ్నం హారతి అయ్యాక అందరం బయటికి వచ్చాం. ఆయన తన ఇంటి గోడకున్న మెయిన్ దగ్గరికి పోయి షెడ్డు కరెంటు మొత్తం ఆపేశాడు. "ఈ రోజు అన్నిటికీ లీవే. ఈ తాళం కూడా మూడు వారాలుగా పగలూ రాత్రీ మేలుకొనే ఉండాది, అదీ పండుకోనీ" అని మెయిన్ పెట్టెకు కూడా బొట్టు పెట్టాడు. మేమందరం నవ్వాం. మర్నాడు పొద్దున ఆయనే మెయిన్ వేసి, కర్పూరం వెలిగించాకే తలుపు దగ్గరికి వచ్చాడు. అదీ మేము చేసిన నేరం. నీ మిషనుకు మేము ఇచ్చిన మర్యాద, నువ్వు నాకు ఇవ్వలేదు.

వీధిలో నడిస్తే మాటలు ఆగిపోతున్నాయి. అంగట్లో పప్పు కొలిచే వాడు కూడా నా మొహం చూసి కొలుస్తున్నాడు. నాకు ఆకలి లేదు, నిద్ర లేదు, కోపం ఒక్కటే ఉంది. అదీ లేకపోతే లేచి నిలబడలేను.

కాంచన


వేలూరు
9 అక్టోబరు 2025

అక్కా,

మెయిన్ ఆపేశారా?

ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. చిన్నాయన చెప్పలేదు, భూపతి చెప్పలేదు. నేనూ అడగలేదు. నీ ఉత్తరం కొట్లో నిలబడి చదివాను. 

అక్కా, అది అయస్కాంతం. దానికి కరెంటే బలం. కరెంటు లేకపోతే బ్యాటరీ పట్టుకుంటుంది, కానీ ఒక పూట, మహా అంటే ఇంకొంచెం. మీరు బుధవారం మధ్యాహ్నం ఆపి గురువారం పొద్దున వేశారు. నడిమధ్యలో ఎప్పుడో బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత అది వట్టి ఇనుపముక్క. వెనక స్ప్రింగు ఉంది కాబట్టి తలుపు మూసుకునే ఉంటుంది, చూసేవాడికి తాళం పడ్డట్టే ఉంటుంది. ఎవడో చెయ్యి వేసి తోశాడు, తెరుచుకుంది. కోడు అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. పొద్దున చిన్నాయన మెయిన్ వెయ్యగానే మళ్ళీ గట్టిగా పట్టుకుంది. మీరందరూ వచ్చేసరికి తలుపు ఏమీ ఎరగనట్టు ఉంది.

మిషను తప్పు చెయ్యదని అన్నాను. నిజమే, అది తప్పు చెయ్యలేదు. దానికి చెప్పిన పని అది చేసింది. ఆయుధ పూజ నాడు మన వాళ్ళు పనిముట్టును ముట్టుకోరని నాకు తెలుసు, నేనూ ఆ షెడ్డులోనే పెరిగాను. అయినా తాళానికి కూడా సెలవు ఇస్తారని తట్టలేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది. చిన్నాయన మీద కూడా కోపంగా ఉంది. మెయిన్ ఆపిన చేతితోనే ఆయన నాకు ఫోన్ చేశాడు.

నన్ను క్షమించు అక్కా. బావ కాళ్ళు పట్టుకుంటానని చెప్పు. నేను బావను ఆ మాట అనకుండా ఉండాల్సింది. చిన్నాయనకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఈ ఉత్తరం కూడా అందరికీ చూపించు. దీపావళి ముందు ఇక్కడ బజారంతా కెమెరాలు పెట్టమని పీక మీద కూర్చున్నారు, పండగ కాగానే వస్తాను.

నీ తమ్ముడు,
గిరి


గుడియాత్తం
11 అక్టోబరు 2025

గిరీ,

చూపించమన్నావు, చూపించాను. షెడ్డు ముందుకు పోయి, మధ్యాహ్నం అందరూ బయటికి వచ్చినప్పుడు, నీ ఉత్తరం మొత్తం గట్టిగా చదివాను.  చిన్నాయన ఆ కాగితం తీసుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నా చేతికే ఇచ్చాడు. ఏమన్నాడో తెలుసా? "సదివింది నువ్వే గదమ్మా. దాంట్లో ఏం రాసుండాదో మాకెట్ట తెలుస్తాది?"

విన్నావా? ఈ వీధిలో నువ్వు రాసింది చదవగలిగేది నేనొక్కదాన్నే. దొంగ తన సాక్ష్యం తనే చదువుకున్నట్టు ఉంది వాళ్ళకు. అమ్మ నేర్పిన అక్షరాలు ఇన్నాళ్ళకు ఇట్ట నా మెడకు చుట్టుకున్నాయి.

నీ ఫోన్ సంగతి కూడా చెప్తాను. నువ్వు నన్ను నిలబెట్టిన రోజు చిన్నాయన స్పీకర్ పెట్టాడు. నువ్వు తప్పు ఒప్పుకున్న రోజు ఫోన్ చెవికి ఆనించుకొని పెరట్లోకి పోయాడు. తిరిగి వచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. కోకిల అడిగితే "వానికి అక్క మీద పాశం, ఏదో సెప్తా ఉండాడు" అన్నాడంట. మెయిన్ ఆపింది తనే అని బయటపడితే, పోయిన సరుకుకు తనే జవాబు చెప్పాలి. ఆయన ఎందుకు చెప్తాడు?

నిందేమో ఊరంతా వినేలా వేశావు. క్షమాపణేమో నా ఒక్కదానికి కనిపించేలా రాశావు. ఇది నాకు వద్దు. దీన్ని ఉంచుకొని ఏం చేసుకోవాలి?

పండగ కాగానే వస్తావా? పండగ రోజు ఈ ఇళ్ళల్లో పిల్లలకు కొత్త గుడ్డలు లేకపోతే, వాళ్ళ తల్లులు ఎవరిని తలుచుకుంటారు? మీ బావ, నేను తలుపు వేసుకొని లోపల కూర్చోవాలా? వేలూరు నుంచి బస్సెక్కితే కాఫీ చల్లారేలోపు ఇక్కడ దిగుతావు. నువ్వు వచ్చి, అదే చోట నిలబడి, అంతే గట్టిగా చెప్పు. లేకపోతే ఇకమీదట ఏ ఉత్తరమూ రాయొద్దు. రాసినా విప్పను.

కాంచన


వేలూరు
17 అక్టోబరు 2025

అక్కా,

నిన్న వచ్చాను. నువ్వు ఇంట్లోనే ఉన్నావని తెలుసు, బావ చెప్పులు గడప దగ్గర లేవు, నీవి ఉన్నాయి. తలుపు తట్టాను. నువ్వు తీయలేదు. తీస్తావని అనుకోలేదు కూడా. అయినా నువ్వు విన్నావో లేదో తెలియదు కాబట్టి జరిగింది రాస్తున్నాను. ఈ కాగితం విప్పకపోయినా సరే.

అందరినీ షెడ్డు బయటికి పిలిచాను. తలుపు వేయించాను. చిన్నాయనను మెయిన్ దగ్గరికి తీసుకుపోయి, "ఆ పూట ఆపినట్టే ఇప్పుడు ఆపు" అన్నాను. ఆపనన్నాడు. "నలుగుర్లో నా పరువు తీయడానికి వస్తివా?" అన్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. "మా అక్క పరువు తీసినప్పుడు ఇదే నలుగురు లేరా చిన్నాయనా?" అని అరిచాను. ఆయన మీద గొంతు ఎత్తడం నా జన్మలో అదే మొదలు. ఆఖరికి ఆయన చేత్తోనే ఆపాడు. నేను బ్యాటరీ వైర్లు పీకేశాను. కోకిలను పిలిచి తలుపు తోయమన్నాను. ఆమె భయపడుతూ ఒక చేత్తో తోసింది. తెరుచుకుంది. ఎంత తేలిగ్గా తెరుచుకుందంటే, ఆమె ముందుకు తూలింది.

అప్పుడు చెప్పాను. గొంతు చించుకొని చెప్పాను. "ఆ పొద్దు ఈడ ఫోన్లో మా అక్క మీద నింద ఏసింది నేనే. తెలీకుండా ఏసినా. ఈ తలుపు ఆ రాత్రంతా తాళం లేకనే ఉన్నింది. ఎవురైనా తోసుకొని పోవచ్చు. మా అక్క తప్పు లేదు, మా బావ తప్పు లేదు. తప్పు నాది. ఇంకోసారి చెప్పాల్నా?" ఎవరూ వద్దనలేదు, కాబట్టి ఇంకోసారి చెప్పాను.

చిన్నాయన అరుగు మీద కూర్చున్నాడు. "ఆయుధ పూజ నాడు ఏ ఇంట్లో మిషను నడుపుతార్రా? నాకెట్ట తెలుసు?" అన్నాడు. అది మాత్రం నిజమే, ఆయనకు తెలియదు. కానీ తెలిసిన తర్వాత వారం రోజులు నోరు మూసుకున్నాడు. అది నేను మరిచిపోను. సరుకు దొరుకుతుందని నాకు నమ్మకం లేదు. పోలీసులకు చెప్పమన్నాను.

మెయిన్ వేయించి, వైర్లు కలిపి, పోయే ముందు మిషనులో ఉన్న కోడులన్నీ చెరిపేశాను. చిన్నాయనది లేదు, భూపతిది లేదు. ఒకటో నంబరు నాది ఒక్కటే ఉంది, మాస్టర్ కోడు కొత్తది. ఆ రెండూ తెలుగు అక్షరాల్లో రాసి నీ తలుపు సందులో పెట్టాను. పొద్దున షెడ్డు తెరవాలంటే నువ్వు రావాల్సిందే.

మీటల మధ్య చందనం నేను తుడవలేదు. ఎండిన చామంతి కూడా అట్టే ఉంది.

గిరి


గుడియాత్తం
19 అక్టోబరు 2025

ఒరేయ్ తమ్ముడూ,

విన్నాను. షెడ్డు మా ఇంటికి నాలుగడుగుల దూరమే కదా, తలుపు వెనకే నిలబడి విన్నాను. రెండోసారి చెప్పింది సరిగ్గా వినిపించింది, మొదటిసారి గొంతు చాల్లేదు. ఆ రోజు ఫోన్లో ఇంతకంటే బాగా వినిపించింది.

కోపం పోయిందనుకోవద్దు. పోలేదు. నువ్వు చేసిన ఇంకో పని కూడా నాకు నచ్చలేదు. శుక్రవారం పొద్దున అందరూ పని మానుకొని షెడ్డు ముందు నిలబడి ఉన్నారు, నేను వస్తానో రానో తెలియక. రాకూడదనే అనుకున్నాను. మగ్గం మీద సగం గుడ్డ గుర్తొచ్చింది, పోయాను. నేను నడిచి వస్తుంటే దారి ఇచ్చారు. నేను ఎవరి మొహమూ చూడలేదు. నువ్వు రాసిన కోడు కొట్టి తలుపు తీసి, ముందు నేను లోపలికి పోయి అమ్మ దీపం వెలిగించాను. అప్పటిదాకా ఒక్కరు కూడా గడప దాటలేదు. భూపతి చెప్పులు బయట విడిచాడు.

కోకిల మధ్యాహ్నం క్యారియరు తీసుకొని నా పక్కకు వచ్చింది. నేను జరగలేదు, పొమ్మనలేదు. ఊరగాయ మాత్రం ఇవ్వలేదు. ఇంకా కొన్ని రోజులు పడుతుంది.

సాయంత్రం చిన్నాయన మా ఇంటికి వచ్చాడు. కూర్చున్నాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచి, "వాన వచ్చేటట్టు ఉండాది" అన్నాడు. కాఫీ ఇచ్చాను. చక్కెర వెయ్యలేదు. మొత్తం తాగాడు. పోయేటప్పుడు మీ బావ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మీ బావ ఆ రాత్రి అన్నం తిన్నాడు. సరుకు పోయిన సంగతి చిన్నాయన, నేత వాళ్ళు కూర్చొని ఏదో ఒకటి తేల్చుకుంటారు. ఈసారి స్పీకర్ పెట్టే మాట్లాడమన్నాను.

మిషను సంగతి. స్టార్ నొక్కాను, మాస్టర్ కోడు కొట్టాను, పసుపు లైటు వచ్చింది. నువ్వు జోలికి పోవద్దన్న సున్నా నొక్కి మాస్టర్ కోడు మార్చేశాను. కొత్తది ఎక్కడా రాయలేదు. చిన్నాయనకు ఒక కోడు ఇచ్చాను, ఎంతైనా పెద్దవాడు. భూపతికి పండగ తర్వాత ఆలోచిస్తాను. ఆ తర్వాత రెండు నొక్కి నీ నంబరు తీసేశాను. ఎర్ర లైటు ఎదురుగా నిలబడడం ఎట్ట ఉంటుందో నీకూ తెలియాలి.

వచ్చే ఆయుధ పూజకు కూడా దానికి బొట్టు పెడతాను, సెలవు కూడా ఇస్తాను. ఆ రాత్రి కాపలా కాయడానికి నువ్వు చాప తెచ్చుకొని రా. వచ్చి తలుపు తట్టు. నేను మగ్గం ఆపి లేచి వచ్చేదాకా అక్కడే నిలబడు.

ఇట్లు,
ఒకటో నంబరు కాంచన